మొదటి బస్సు డ్రైవరు చూసిన ఆఖరి అంకం

ఏప్రిల్ మూడో శనివారం, కుప్పం. హాజరు: నేను. మదనపల్లెలో మా వీధిలోనే కాపురముంటున్న రిటైర్డు బస్సు డ్రైవరు. ఆయన భార్య. పుంగనూరులో ఎరువుల అంగడి ఉన్న మిత్రుడు; కారు కూడా ఆయనదే. సామాను: చాపలు, నీళ్ల క్యాను, ఫ్లాస్కు, చుట్టగా చుట్టిన పరుపు, దిండు, కంబళి.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. పట్టు పరిశ్రమ శాఖలో పనిచేసినన్నాళ్లూ పురుగుల గదుల్లో వేడీ తేమా రాసిపెట్టడం నా పని. ఎక్కడికి వెళ్లినా ముందు ఎవరెవరున్నారో, ఏమేమున్నాయో రాసుకునే అలవాటు అక్కడే పట్టుకుంది. నాటకం చూడబోతూ పరుపెందుకు మోసుకెళ్లామన్నది మాత్రం ఆ పేజీలో లేదు. దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా డ్రైవరు మిత్రుడు సర్వీసంతా మదనపల్లె నుంచి కుప్పం వెళ్లే మొదటి బస్సు నడిపాడు. నాలుగింటికి బస్సు కదలాలి, మూడింటికి ఆయన లేవాలి. అందరూ తప్పించుకునే ఆ డ్యూటీని ఆయన అడిగి వేయించుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరితే టమాటా తోట చూసుకోవచ్చు కదా అని. కానీ ఆ డ్యూటీ ఆయన దగ్గర ఒకటి లాక్కుంది. ఆయనకు నాటకాలంటే ప్రాణం. మా వైపు పద్యనాటకం అంటే జనం అన్నాలు తిని వచ్చాక తెర లేస్తుంది, తెల్లారి పొద్దు పొడిచాక మంగళం పాడుతారు. నిద్రలేని కళ్లతో స్టీరింగు పట్టకూడదన్నది ఆయన నియమం. కాబట్టి ఎంత మంచి నాటకమైనా మొదటి అంకం ముగిసేసరికి లేచి, తుండుగుడ్డ దులుపుకుని ఇంటికి వెళ్లిపోయేవాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక్క నాటకానికీ ఆఖరు చూడలేదు.

అన్నిటికంటే ఆయనకు ఇష్టమైనది మా ప్రాంతంలో అన్నదమ్ముల నాటకం అని పిలిచే పాళెగాళ్ల కథ. తమ్ముడు కుట్ర చేసి అన్నను కోట నుంచి వెళ్లగొడతాడు. అన్న ఎండలో నడిచి నడిచి, దాహంతో మళ్లీ అదే కోట వాకిట్లోకి వచ్చి గుక్కెడు నీళ్లు అడుగుతాడు. తమ్ముడు పైనుంచి చూసి, నీళ్లు పోయవద్దని కాపలావాళ్లకు చెబుతాడు. అక్కడికి మొదటి అంకం సరి. మా మిత్రుడు లేచి వెళ్లేది సరిగ్గా అక్కడే. ఆఖరి అంకంలో అన్న సైన్యం కూడగట్టుకుని వచ్చి తమ్ముడి మెడ మీద కత్తి పెడతాడని ఆయనకు తెలుసు, ఎందుకంటే ఆ బొమ్మ కరపత్రం మీదే ఉంటుంది. తర్వాత ఆ కత్తి ఏమవుతుందో తెలియదు. తెలుసుకోదలచుకుంటే ఎవర్ని అడిగినా చెబుతారు, కానీ ఆయన అడగడు. తన కళ్లతోనే చూడాలి. పొద్దు పొడిచాక నాటకం నుంచి తిరిగివచ్చే జనం దారిలో ఎక్కి, ఆఖరి అంకం గురించి మాట్లాడుకోవడం మొదలుపెడితే, ఖాళీ రోడ్డు మీద ఆయన హారన్ నొక్కి పట్టుకునేవాడట. కండక్టరు వెనక నుంచి, ‘అప్పా, ఎదురుగా దోమ గూడా లేదు గదా’ అని నవ్వేవాడట.

ఈ ఏడాది మాఘమాసంలో ఎరువుల అంగడి మిత్రుడే ఆ మాట తెచ్చాడు. మేం ముగ్గురం రిటైరైనట్టే, అంగడి కూడా ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. ఈ సీజనులో చుట్టుపక్కల ఎక్కడ నాటకమున్నా వెళ్దాం, అన్నదమ్ముల నాటకం ఎక్కడ వేసినా ఆఖరిదాకా కూర్చుందాం, డ్రైవరు బావకు ఆ కత్తి సంగతేమిటో చూపిద్దాం అన్నాడు. ఏ ఊళ్లో ఏ నాటకమో, ఏ నాటక సమాజమో నేను వరసగా రాసి పెట్టాను. ఇప్పుడు పొద్దున్నే నడపవలసిన బస్సు లేదు, ఇంక అడ్డమేముందనుకున్నాం.

అడ్డం ఆయన ఒంట్లోనే ఉంది. తొమ్మిది దాటితే ఆయన కళ్లు మూతపడతాయి. వయసులో ఉన్నప్పుడు మొదటి అంకం దాకా బిగబట్టుకోగలిగిన మనిషి ఇప్పుడు తెర లేచి గణపతి ప్రార్థన అయ్యేసరికి మెడ వాల్చేస్తున్నాడు.

మదనపల్లెలో మొదటి ఆటకు గ్లాసుల కొద్దీ కాఫీ తాగించాం. అన్న అడవి దారి పట్టకముందే ఆయన ఎరువుల మిత్రుడి భుజం మీద వాలిపోయాడు. చొంగకు చొక్కా తడిసేదాకా కూర్చుని, చివరికి ఇద్దరం చెరో చెయ్యీ పట్టి ఇంటికి నడిపించుకొచ్చాం. కలకడలో వాన వచ్చి ఆట ఆగిపోయింది. ఆరోజు ఆయన ఒక్కడే సంతోషంగా ఉన్నాడు, తప్పు తనది కాదని.

పుంగనూరు జాతరకు గట్టి ఏర్పాట్లు చేశాం. మధ్యాహ్నమే ఎరువుల మిత్రుడి ఇంట్లో గది చీకటి చేసి, ఆయన్ని పడుకోబెట్టి తలుపు వేశాం. కాసేపటికి వెళ్లి చూస్తే గదిలో లేడు. వాకిట్లో నిలబడి కారు కడుగుతున్నాడు. పగలు పడుకోవడమంటే సుస్తీ చేసినవాళ్ల పని అన్నాడు. రాత్రి ముందు వరసలో కుర్చీలు వేయించుకుని, ఆయన్ని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని, మిరపకాయ బజ్జీలు తినిపించాం. ఎరువుల మిత్రుడు మధ్యమధ్యలో గిల్లాడు. కొంతసేపటికి ఆయన కదలకుండా, స్టీరింగు ముందు కూర్చున్నట్టు నిటారుగా, చేతులు రెండూ ముందుకు చాచి మోకాళ్ల మీద పెట్టుకుని ఉండటం చూసి నాటకంలో లీనమైపోయాడని మురిసిపోయాం. అన్న వేషం కట్టిన నటుడు కూడా అలాగే అనుకున్నట్టున్నాడు. నీళ్లు అడిగే పద్యం మొత్తం ఆయనవైపే తిరిగి పాడాడు. పద్యం చివర్లో గురక వినిపించింది. ముందు వరసలు విరగబడి నవ్వాయి. వేదిక మీద దాహంతో చచ్చిపోతున్న అన్న కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ నవ్వుకు మెలకువ వచ్చిన మా మిత్రుడు లేచి నేరుగా కారు దగ్గరికి నడిచాడు. కారెక్కాక అన్నాడు.

“ఇంక నన్ను పిలవద్దండప్పా. ఈ వయసులో ఈ నగుబాటు నాకొద్దు. ఆ కత్తి ఏమైతే నాకేం?”

అది కోపం కాదు. అదే బాధగా ఉంది. నాటకం చూస్తూ ఒళ్లు మరచిపోయే మనిషి దాన్నే వద్దనుకుంటున్నాడు. పైగా అన్నదమ్ముల నాటకం ఇంక ఒక్కచోటే ఉంది, కుప్పంలో ఊరి పండగకు. తర్వాత వానలు. వచ్చే ఏడు దాన్ని ఆడే సమాజంవాళ్లు ఈ నాటకం పట్టుకుంటారో లేదో వాళ్లకే తెలియదు, అడిగే ఊళ్లు తగ్గిపోతున్నాయని పుంగనూరులోనే చెప్పారు.

రెండు వారాలు ఆయన మా ఇంటివైపు రాలేదు. ఒకరోజు పొద్దున ఆయన భార్య కరివేపాకు కోసం వచ్చింది. ఎరువుల మిత్రుడు కూడా మా ఇంట్లోనే ఉన్నాడు. ఈసారి ఏం తాగిస్తే మేలుకుంటాడా అని ఇద్దరం తర్జనభర్జన పడుతుంటే ఆమె గుమ్మం దగ్గరే నిలబడి వింది.

“అన్నా, మీరందురూ ఆయన్ని మేలుకో మేలుకో అని పీక్కతింటాండారు. నిద్రపో అని ఒక్కరన్నా అన్నారా?”

“నాటకానికి పోయి నిద్రపోతే ఏమొస్తాదమ్మా?” అన్నాడు ఎరువుల మిత్రుడు.

“మూడింటికి లేస్తాడు గదా. అలారం పెట్టే పనిలే, ఎవురూ లేపే పనిలే. రిటైరైనాక గూడా ఆ టయానికే లేసి కూసోని గోడ సూస్తాంటాడు. ఆ గోడ బదులు నాటకం సూడమనండి.”

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొదటి సగం ఆయనకు కంఠతా వచ్చు. కావలసింది చివరి సగమే. ఆ టయానికి ఆయనంత తాజాగా లేచే మనిషి ఈ తాలూకాలో లేడు. నెలల తరబడి మేం ఆయన ఒంటితో కుస్తీ పట్టాం కానీ, ఆ ఒంటిని దాని దారిన వదిలేద్దామని ఎవరికీ తోచలేదు. ఆయన్ని ఒప్పించే పని కూడా ఆమే తీసుకుంది. ఎలా ఒప్పించిందో చెప్పలేదు. శనివారం సాయంత్రం కారు వచ్చేసరికి ఆయన పరుపు చుట్టి, తాడు కట్టి, వాకిట్లో నిలబడి ఉన్నాడు.

పలమనేరు మీదుగా కుప్పం చేరేదాకా ఆయన ముందు సీట్లో కూర్చుని ప్రతి మలుపుకూ ముందే చెబుతూ వచ్చాడు. మైదానంలో వేదికకు దగ్గరగా చాపలు పరిచాం. వాటి మీద పరుపు వేసింది ఆయన భార్య. సంగటి ముద్దలు తెచ్చింది, అందరం తిన్నాం. తెర ఇంకా లేవలేదు, హార్మోనియం అప్పుడే శ్రుతి చూసుకుంటోంది. ఆయన దిండు సర్దుకుని, కంబళి కప్పుకుని, వేదికవైపు వీపు తిప్పి పడుకున్నాడు. చుట్టూ నవ్వులు మొదలయ్యాయి. పండగ కమిటీ మనిషి ఒకాయన వచ్చి, పెద్దాయనకు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

“బాగుండాదప్పా. నిద్రపోను వచ్చినాడు,” అందామె.

పక్క చాప మీది ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “మా ఆయన గూడా నాటకంలో నిద్రేపోతాడమ్మా. పరుపు తెచ్చుకునేంత ధైర్నం మాత్రం లే.”

మొదటి అంకం బ్రహ్మాండంగా సాగింది. డోళ్లు, కత్తుల గలగలలు, పద్యం పద్యానికీ వన్స్ మోర్ కేకలు. అన్న వేషం పుంగనూరులో కట్టిన నటుడే, యాభై దాటిన భారీ మనిషి. పాళెగాళ్లకు కిరీటాలెక్కడివని అడగకూడదు, మా నాటకాల్లో అందరికీ కిరీటాలుంటాయి. వీటిలో ఏదీ మా మిత్రుణ్ణి కదిలించలేదు. కోట వాకిట నీళ్లు అడిగే ఘట్టం అయిపోయాక జనం పలచబడ్డారు, మిగిలినవాళ్లు ఉన్నచోటే ఒరిగారు. నేనూ ఒరిగాను. ఎరువుల మిత్రుడు నాకంటే ముందే ఒరిగాడు.

నన్ను లేపింది మా మిత్రుడి గొంతు. తూర్పున ఇంకా తెల్లబడలేదు కానీ చలిగాలి మొదలైంది. ఆయన పరుపు మీద లేడు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, తుండుగుడ్డ భుజాన వేసుకుని వేదిక ముందు నిలబడి ఉన్నాడు. మైదానమంతా మనుషులు తలల మీదుగా దుప్పట్లు కప్పుకుని వరసలు వరసలుగా పడి ఉన్నారు. పట్టుపురుగులు తోలు విడిచే ముందు మేత మానేసి తట్టల్లో కదలకుండా పడుకుంటాయి, దాన్ని మేం జ్వరం అంటాం. అచ్చం అలా ఉంది.

వేదిక మీద హార్మోనియం వాయించే ఆయన, పడుకున్న ఆ జనాన్ని ఒకసారి పరికించి చూసి, చేత్తో సైగ చేసి మంగళం ఎత్తుకున్నాడట. తమ్ముడి వేషం కట్టిన కుర్ర నటుడు అప్పటికే మీసం ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు. ఆఖరి అంకం అసలు మొదలుపెట్టనే లేదు. చూసేవాళ్లు లేనప్పుడు దాన్ని ఎగరగొట్టడం ఈ మధ్య అన్ని చోట్లా అలవాటైపోయిందట, నాకు తర్వాత తెలిసింది. మా మిత్రుడు చెయ్యెత్తి ఆపాడు.

“ఏమప్పా, ఇంగా కత్తే దియ్యలే, మంగళం పాడతాండావే?”

హార్మోనియం ఆయన కళ్లు నలుపుకుని, “జనం పండుకోనుండారు గదన్నా. ఎవురి కోసరం ఆడేది?” అన్నాడు.

“నేను పండుకోలే. నా కోసరం ఆడండి.”

“ఒక్కడి కోసరమా?”

“మదనపల్లె నుంచి కుప్పానికి ఫస్టు బస్సు నడిపినోడ్ని నేను. శానా దినాలు ఒక్క ప్యాసింజరే ఉండేటోడు. ఒక్కడే గదా అని పలమనేర్లో దించేసి నేను ఎనక్కి పోయింటే ఒప్పుతాదా? కుప్పం దాకా తెచ్చినా. మీరు గూడా తేవాల.”

ఆయన గొంతు పెంచలేదు. చెయ్యెత్తిన చోటే ఉంచాడు. కమిటీ మనిషి కుర్చీలోంచి లేచి, తెల్లారబోతోంది, షామియానా వాళ్లు వస్తారని ఏదో అనబోయాడు. అప్పుడు అన్న వేషం కట్టిన నటుడు తెర పక్క నుంచి ముందుకు వచ్చాడు. కిరీటం చంకలో ఉంది. కింద నిలబడ్డ మా మిత్రుణ్ణి చూశాడు. పుంగనూరు గురకను గుర్తుపట్టాడనే నా అనుమానం. ఆయన కిరీటం తలకెత్తుకుని, హార్మోనియంవైపు తిరిగి, ఒక్క మాటన్నాడు.

“శ్రుతి పట్టు.”

మీసానికి జిగురు దొరకలేదు. తమ్ముడు దాన్ని ఒక చేత్తో పెదవి మీద నొక్కి పట్టుకునే యుద్ధానికి వచ్చాడు. మొదటి పద్యం బొంగురుగా, తడబడుతూ వచ్చింది. మధ్యలో ఒక పాదం మరిచిపోయి అన్న రాగం తీస్తూ నిలబడ్డాడు, హార్మోనియం ఆయన అందించాడు. పద్యం ముగియగానే మా మిత్రుడు రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు, వన్స్ మోర్ అని. నిద్రపోతున్న ఆ మైదానంలో ఆ ఒక్క గొంతు దూరం దాకా వెళ్లింది. అన్న ఉలిక్కిపడ్డాడు. ఆ వేళప్పుడు ఆయన్ని ఎవరూ మళ్లీ పాడమని అడిగి ఎన్నాళ్లయిందో. ఈసారి ఊపిరి నిండా తీసుకుని, ఆ పద్యాన్నే పై స్థాయిలో ఎత్తుకున్నాడు. దుప్పట్లు కదిలాయి. ముందు పిల్లతల్లులు, తర్వాత ముసలివాళ్లు, ఒకరి తర్వాత ఒకరు లేచి కూర్చున్నారు. ఎరువుల మిత్రుణ్ణి నేను కాలితో తట్టాను. అటు తిరిగి పడుకున్నాడు. రెండో పద్యానికి వన్స్ మోర్ అన్నది మా మిత్రుడు ఒక్కడే కాదు, మైదానం సగం.

అన్న తమ్ముడి మెడ మీద కత్తి పెట్టాడు. మా మిత్రుడు వేదిక అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను చాలాసార్లు చూసిన ఘట్టమే అది, కానీ ఆరోజు నేను వేదికను కాదు, ఆయన్నే చూస్తున్నాను. అన్న చాలాసేపు కత్తి అలాగే ఉంచాడు. తర్వాత దాన్ని కింద పెట్టి, నాకు దాహంగా ఉంది, నీళ్లు తెచ్చిపెట్టు అన్నాడు. తమ్ముడు మీసం వదిలేశాడు. అది ఊడి ఛాతీ మీద పడింది, ఎవరూ నవ్వలేదు. తన కిరీటం తీసి తిరగేసి పట్టుకుని, అందులో నీళ్లు తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని అన్న నోటికి అందించాడు. నీళ్లు నిజంగానే పోశారు. అవి అన్న గడ్డం మీదుగా కారడంతో రంగు కరిగి ధారలు కట్టింది.

మా మిత్రుడు చప్పట్లు కొట్టలేదు. వేదిక అంచు వదిలి, వెనక్కి తిరిగి భార్య కోసం చూశాడు. ఆమె చాప మీద లేచి నిలబడి ఉంది.

“నీళ్లడిగినాడే,” అన్నాడు ఆమెతో, పక్కింటివాళ్ల కబురు చెబుతున్నట్టు. “సంపలే. నీళ్లడిగినాడు.”

మైదానమంతా చప్పట్లతో మోగిపోయింది. మంగళం పాడేటప్పుడు పొద్దు పొడిచింది. కమిటీ మనిషే స్వయంగా హారతి పళ్లెం ముందు మా మిత్రుడి దగ్గరికి తెచ్చాడు. ఆ గొడవకు ఎట్టకేలకు లేచిన ఎరువుల మిత్రుడు, చివరికి ఏమైందని అందర్నీ అడగడం మొదలుపెట్టాడు. నిద్ర మత్తులో ఈ నాటకం ఆఖరు తనకూ సరిగా తెలియదని అప్పుడు బయటపడింది.

“సెప్పను బావా,” అన్నాడు మా మిత్రుడు. “వొచ్చే ఏడు పరుపు తెచ్చుకో.”

ఆదివారం ఉదయం బస్టాండు దగ్గర ఇడ్లీలు తింటున్నాం. భుజాన సంచితో అన్న వేషం నటుడు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మొహం కడుక్కున్నాడు కానీ చెవుల వెనక ఎర్రరంగు అలాగే ఉంది. మా మిత్రుడు బెంచీ మీద జరిగి చోటిచ్చి, ఒక ప్లేటు చెప్పాడు. తిని, చేయి కడుక్కుని వచ్చాక నటుడే మాట కదిపాడు. వచ్చే శనివారం పెద్దపంజాణిలో వేరే నాటకం ఉందనీ, అందులో కూడా తనదే పెద్ద వేషమనీ, రమ్మనీ చెప్పాడు. ఆ నాటకం కూడా మా మిత్రుడు మొదటి సగమే చూశాడు.

“వస్తాను. దాని ఆఖరు ఏమైతాదో ఇప్పుడు సెప్పొద్దు.”

“నేనెట్ల సెప్పేదప్పా,” అన్నాడు ఆ నటుడు. “ఆ ఆటలో ఆఖరి అంకం ఆడి శానా ఏండ్లయింది. పద్యాలు నోట్లోనే లేవు. నువ్వొస్తానంటే నేర్సుకోవాల.”

పుంగనూరు బస్సు వచ్చింది. ఆయన ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. సంచిలోంచి అట్ట చిరిగిన పుస్తకమొకటి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బస్సు కదిలేలోపే పెదవులు కదపడం మొదలుపెట్టాడు.